అంచులు కోసిన ఆరు ఫొటోలు

ఫిబ్రవరి 4

బాబాయ్,

నాకు కళ్లు పోతున్నాయని మన ఇంట్లో తీర్మానం జరిగిపోయిందట. నిన్ను కూడా సంతకం పెట్టమన్నారా?

పోయిన నెల అమ్మకు నేను తీసిన ఫొటోలు రెండు పంపాను. బుద్ధి గడ్డి తిని పంపాను. అమ్మ జవాబులో ఫొటోల ఊసే లేదు. కళ్ల డాక్టరు అడ్రసు మాత్రం ఉంది, "పొద్దున్నే వెళ్తే రద్దీ ఉండదు" అని కింద గీత గీసి మరీ. లెన్సు అమ్మినవాడు నన్ను బోల్తా కొట్టించాడని నాన్న ఉద్దేశం. ఇక అన్నయ్య, "నీ చేతులెందుకు వణుకుతున్నాయి? ఎవరితోనైనా తిరుగుతున్నావా?" అని రాశాడు. చేతులు వణకడానికీ ఎవరితోనో తిరగడానికీ లంకె ఏమిటో, పక్క వీధిలోనే ఉన్నావు కనక నువ్వే వెళ్లి అడుగు. ముగ్గురు మనుషులు, మూడు రోగాలు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "ఎందుకే ఇలా తీశావ్?" అని అడగలేదు.

ఫొటో కదిలిపోయిందట. కదిలిపోలేదు. నేను కదిలించాను. నీకైతే అర్థమవుతుందని చెప్తున్నాను. కెమెరాని స్టాండు మీద బిగించేస్తాను. షట్టర్ అర సెకను తెరిచి ఉంటుంది. అందులో సగం సేపు ఊపిరి బిగబట్టి ఊరుకుంటాను, మిగతా సగంలో లెన్సు మీది జూమ్ రింగ్‌ని ఒక్క ఊపున తిప్పేస్తాను. మధ్యలో ఉన్న మనిషి నిలబడిపోతాడు. చుట్టూ దీపాలూ గోడలూ అన్నీ గీతలైపోయి ఆ మనిషి మీదికి దూకుతున్నట్టో, ఆ మనిషిలోంచి పేలి బయటికి పోతున్నట్టో వస్తాయి. పది తీస్తే తొమ్మిది చెత్త. ఆ పదోదాని కోసం నెలన్నరగా మా ఆఫీసు ఎదురుగా ఉన్న లాండ్రీలో సాయంత్రాలు గడుపుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడికి మూడు గంటల బస్సు దూరంలో ఒక ఫొటో శిక్షణ కేంద్రం ఉంది. ఏడాదికి ఎనిమిది మందినే తీసుకుంటారు. ఏడాదంతా అక్కడే ఉండి, నేర్చుకుంటూ, మనకు తోచిన ఫొటోలు తీసుకోవచ్చు. ఆరు పెద్ద ఫొటోలు మార్చి 5 లోపల చేరాలి. నా పని నీకు తెలుసుగా. గుర్తింపు కార్డుల ఆఫీసులో తెల్లగోడ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి "నవ్వొద్దు, చెవులు కనబడాలి" అని రోజుకు నూట ఇరవై సార్లు అంటాను. అందులోంచి బయటపడటానికి నాకు కనిపిస్తున్న దారి ఇదొక్కటే.

నాకిక్కడ డార్క్‌రూమ్ లేదు. ఫొటోలు కడిగే కొట్లో మెషీన్ మన ఇంటివాళ్ల పార్టీయే, నా ఫొటోల్ని "పాడైనవి" అని పక్కన పడేస్తుంది. అందుకని ఆరు నెగటివ్‌లూ రిజిస్టరు పోస్టులో నీకే పంపుతున్నాను. పదమూడేళ్లప్పుడు నీ ఎర్రదీపం కింద, ట్రేలో తేలిన మొదటి మొహం చూశాను. అప్పటినుంచీ ఫొటో అంటే నువ్వు కడిగిందే. మొహం మాత్రం తేటగా రావాలి బాబాయ్, ప్రాణమంతా అక్కడే ఉంది. మిగతాది నీకు నేను చెప్పాలా? టైము లేదు, కడగగానే నువ్వే నేరుగా కేంద్రానికి పంపేయ్.

పిన్ని మోకాలు ఎలా ఉంది?

నీ గడుగ్గాయ్


ఫిబ్రవరి 12

గడుగ్గాయ్‌కి,

నెగటివ్‌లు భద్రంగా చేరాయి. మీ పిన్ని వాటిని దీపానికి అడ్డంగా పట్టుకుని చూసి, "భూకంపం వచ్చినప్పుడు తీసిందా?" అంది. "కాదే, అదే ఒక భూకంపం" అన్నాను. మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాలికి నోరొస్తుంది, దిగేటప్పుడు మీ పిన్నికి.

స్టూడియోలో మారిందేమీ లేదు. వెనక తెర మీద కొండలు మాత్రం వెలిసి మబ్బుల్లా అయ్యాయి. జనం ఇప్పుడు మబ్బులే బావున్నాయంటున్నారు.

నువ్వు రాసిన రింగ్ తిప్పుడు వ్యవహారం రెండుసార్లు చదివాను. అర్థం కాలేదని అనను. నలభై ఏళ్లుగా "కదలొద్దు బాబూ, కదలొద్దమ్మా" అని జనాన్ని బతిమాలి నా గొంతు అరిగిపోయింది. తీరా నేను పెంచిన పిల్లే, మనుషులు బుద్ధిగా నిలబడితే చుట్టూ ఉన్న లోకాన్ని కదిలిస్తానంటోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మా అన్నయ్యకూ వదినకూ నచ్చజెప్పాను, పిల్ల కళ్లు శుభ్రంగా ఉన్నాయని. కానీ నా అనుమానం నాకుంది. ఒంటరిగా, వేళకు తినకుండా ఉండే మనిషికి గది గిర్రున తిరుగుతుంది. ఈ ఫొటోలు చూస్తే నాకు అదే తోచింది, మన పిల్లకి కళ్లు తిరుగుతున్నాయని. కోప్పడకు. నాకు చేతి కింద మనిషి కావాలి, నీకు వేళకు తిండి కావాలి. వచ్చేయకూడదూ?

ఫొటోల మాట నాకొదిలేయ్. నిన్ను పదిమందిలో నవ్వులపాలు కానిస్తానా?

బాబాయ్


ఫిబ్రవరి 19

బాబాయ్,

బాగుంది. ముగ్గురు కాస్తా నలుగురయ్యారు. నీది కళ్లు తిరిగే రోగం. నేను మూడు పూటలా తింటున్నాను, సంతకం పెట్టి ఇమ్మంటే ఇస్తాను.

నువ్వు కూడా ఫొటోలో నన్ను వెతికావు. ఫొటోని చూడలేదు. అందులో ఉన్నది నేను కాదు, ఇస్త్రీ అక్క. నాలుగో నంబర్ నెగటివ్ తీసి మళ్లీ చూడు. ఆవిడ పొద్దున ఏడింటికి నిలబడితే సాయంత్రం ఆరింటిదాకా నిలబడే ఉంటుంది. ఒకవైపు నలిగిన బట్టల గుట్ట, ఇంకోవైపు మడతపెట్టిన గుట్ట. తల మీద ఆవిరి గొట్టం. వెనక వరసగా ఐదు ఉతికే యంత్రాలు, ఒకటి ఆగితే ఇంకొకటి మొదలు. మొదటిరోజు నేను స్టాండు నిలబెడుతుంటే, "ఏం పాపా, నన్నెందుకు? అందగత్తెలెవరూ దొరకలేదా?" అంది. "నువ్వు కదలకుండా ఉంటావని" అన్నాను. ఆవిడ ఇస్త్రీపెట్టె దించి, నన్ను ఎగాదిగా చూసి, "నేను కదలకుండా ఉన్నానా? పాపా, నేను ఒక్క క్షణం ఆగితే ఈ గదంతా వచ్చి నా నెత్తిన పడుతుంది" అంది.

ఆ మాట విన్నా, ఆ రోజు నేను తీసినవన్నీ మామూలు ఫొటోలే. వాటిలో ఆవిడ బొమ్మలా ఉంది, యంత్రాలు బొమ్మల్లా ఉన్నాయి. నెత్తిన పడబోయే గది ఎక్కడా లేదు. రింగ్ తిప్పింది అందుకు. మొదటివారం అంతా చిక్కగా, గంజి ఒలకబోసినట్టు వచ్చింది. ఆవిడ మొహం కూడా గీతల్లో కొట్టుకుపోయింది. ముందు ఆగి, తర్వాత తిప్పాలని తెలియడానికి రెండు రీళ్లు పోయాయి. నాలుగో నంబర్‌లో ఆవిడ కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. ఐదు యంత్రాల గుండ్రటి అద్దాలూ సాగిపోయి ఆవిడ మీదికి వస్తున్నాయి. ఆవిడ ఆపుతోంది. ఆ ఫొటోకి అర్థం అంతే.

మా సూపర్‌వైజర్ నిన్న నన్ను పిలిచి, "మీరు తీసిన కార్డు ఫొటోల్లో ఒక్కటీ తిరిగి రాలేదు, మంచి చెయ్యి" అని మెచ్చుకున్నాడు. ఎదురుగా నిలబడి థాంక్స్ చెప్పి, బయటికొచ్చి గోడను తన్నాను.

ఏదైనా సందేహం ఉంటే కడిగే ముందు రాయి. కడిగాక కాదు.

గడుగ్గాయ్


మార్చి 1

గడుగ్గాయ్‌కి,

పంపేశాను. రిజిస్టరు రసీదు ఇందులో పెట్టాను, దాచుకో. ఆరుకి ఆరూ బంగారంలా వచ్చాయి. నువ్వు చూస్తే నీవేనని గుర్తుపట్టవు. చిన్న చిన్న దిద్దుబాట్లు చేయాల్సి వచ్చింది, పనిమంతుడికి అవి తప్పవు. మీ పిన్ని కూడా నాలుగు రోజులు కుంచె పట్టుకుని చుక్కలు దిద్దింది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు పుట్టకముందు ఒక తాపీమేస్త్రీ భార్యతో సహా ఫొటోకి వచ్చాడు. మహా నవ్వులమారి. కదలొద్దయ్యా అంటే ఇంకా నవ్వేవాడు. సరిగ్గా నొక్కే వేళకి ఏదో జోకు వేసి తనే పడీపడీ నవ్వాడు. ఆమె మొహం తేటగా వచ్చింది, ఈయనది అలికేసినట్టు వచ్చింది. మళ్లీ రండి, ఊరికే తీస్తానన్నాను. వస్తామన్నారు. రెండు నెలలకి ఆమె ఒక్కతే వచ్చింది. గోడ మీద పడి పోయాడట. "అదొక్కటే ఉంది, దాన్నే పెద్దది చేసి మొహం తెప్పించండి" అంది. మూడు రోజులు పెన్సిలూ కుంచే పట్టుకు కూర్చున్నాను. ముక్కెక్కడుందో నాకేం తెలుసు? పెదవి ఎక్కడ మొదలవుతుందో? ఏదో ఒక ముక్కు వేశాను. ఆమె చాలాసేపు చూసింది. ఆ ముక్కు ఆయనది కాదని ఆమెకి తెలుసు. అయినా కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచీ కదిలిన ఫొటో ఒక్కటీ నా గడప దాటనివ్వలేదు. ఫొటో అంటే మొహం. మొహం ఇవ్వలేనివాడు ఈ దుకాణం మూసుకోవాలి.

నీకు చోటు దొరుకుతుంది. రాసి పెట్టుకో.

బాబాయ్


మార్చి 8

బాబాయ్,

దిద్దుబాట్లు అంటే ఏమిటి?

ఏ ఫొటోలో, ఎక్కడ, ఎంత? చుక్కలు దిద్దడానికి పిన్నికి నాలుగు రోజులు ఎందుకు పట్టింది? నా నెగటివ్‌ల మీద ఒక్క దుమ్ము చుక్క కూడా లేదు, ఊది ఊది పంపాను. "నీవేనని గుర్తుపట్టవు" అంటే ఏమిటి?

తాపీమేస్త్రీ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు దీనికి జవాబు రాయి.


మార్చి 16

గడుగ్గాయ్‌కి,

కోపం దించుకుని ఈ ఉత్తరం చదువు, శుభవార్త ఉంది.

నీకు చోటు వచ్చింది! జవాబు ఇక్కడికి రావాలని నేనే స్టూడియో అడ్రసు రాశాను, మొన్న వచ్చింది. "పనిచేసే మనుషుల మొహాలను ఇంత నిశ్చలంగా, ఇంత శుభ్రంగా పట్టుకున్న చేతికి స్వాగతం" అని రాశారు. ఏప్రిల్ పదికి చేరాలట. అందరి ఫొటోలూ వాళ్ల హాల్లో తగిలించారట. మా అన్నయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని, క్షవరానికి వెళ్లి, అక్కడ కూర్చున్నవాళ్లందరికీ చదివి వినిపించాడు. వదినైతే నువ్వు ఆ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ఉంటావనీ, అందుకే ఇంత తేటగా వచ్చాయనీ అంటోంది. మీ అన్న నీకు క్షమాపణ రాస్తానన్నాడు. వాడి సంగతి నీకు తెలుసు, రాయడు.

ఇప్పుడు నువ్వడిగింది. చుట్టూ ఉన్న గీతలన్నీ వదిలేసి, మధ్యలో మొహం వరకూ తీసుకుని పెద్దది చేశాను. అంత చిన్న ముక్కని అంత పెద్దది చేస్తే ఇసుక పోసినట్టు రేణువులు తేలతాయి, ఆ రేణువులన్నీ మీ పిన్ని కుంచెతో మూసింది. మొహం పక్కన ఇంకా అక్కడక్కడా మిగిలిన గీతల్ని నేను తెల్లగా చేసేశాను. మొహం తేటగా రావాలని రాసింది నువ్వు. ప్రాణమంతా అక్కడే ఉందని రాసింది నువ్వు. ఉత్తరం నా దగ్గరే ఉంది, కావాలంటే పంపుతాను. మా ఇద్దరి కళ్లూ వాచిపోయాయి. దానికి ఒక మంచి మాట రాస్తావనుకుంటే, పోలీసులా ప్రశ్నలేస్తావు.

ఇంకొక మాట. నీ దగ్గర దాచడం ఎందుకు? నాలుగో నంబర్ మాత్రం కోయకుండా, అంచుల దాకా ఒకటి కడిగాను. ఎందుకు కడిగానో తెలియదు. ట్రేలో అది తేలుతుంటే తల తిరిగింది, ఒక అడుగు వెనక్కి వేశాను. మళ్లీ వెళ్లి చూశాను. ఆరబెట్టి డార్క్‌రూమ్ తలుపు వెనక తగిలించాను. మీ పిన్ని తీసేయమంటే తీయలేదు. కానీ అది పంపితే నిన్ను ఎవరు తీసుకుంటారే? పెద్దవాణ్ని, నాలుగు మొహాలు చూసినవాణ్ని, ఆ మాత్రం ఆలోచించనా?

బట్టలు సర్దుకో. కప్పుకోవడానికి దుప్పటి పంపమంటావా?

బాబాయ్


మార్చి 27

బాబాయ్‌కి,

మొన్న ఆదివారం కేంద్రానికి వెళ్లాను. ఇస్త్రీ అక్క కూడా వస్తానంది. "నా మొహం గోడకెక్కిందంటే చూడొద్దా?" అని సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. తన బట్టలు తాను ఇస్త్రీ చేసుకోవడం ఈ ఏడాదికి అదే మొదటిసారట. మూడు గంటల బస్సులో నేను ఆవిడకి ఆ ఫొటో గురించి చెప్తూనే ఉన్నాను. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది, అయినా చెప్పాను. నాలుగు వేళ్ల మందాన కోసి ఉంటావు, ఐదు వేళ్లు కోసి ఉంటావు అనుకున్నాను.

గోడ మీద నా పేరు కింద ఆరు తలకాయలు ఉన్నాయి.

తెల్లటి గోడ ముందు తలకాయలు. గోడ కూడా నువ్వే గీశావు. చెవులు కనబడుతున్నాయి. ఎవరూ నవ్వట్లేదు. నేను రోజూ నూట ఇరవై తీస్తానే, అవే. లాండ్రీలో బాయిలర్ ముందు నిలబడే ముసలాయన ఉన్నాడు, బాయిలర్ లేదు. చిరుగులు కుట్టే ఆవిడ ఉంది, సూది లేదు, వేళ్లు లేవు. ఇస్త్రీ అక్క తన ఫొటోని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికింది. చివరికి నా వైపు తిరిగి, "ఇది నా కార్డు మీద ఉన్నదేగా పాపా. దీనికోసమా నన్ను నెలన్నర నిలబెట్టావు?" అంది.

మా బాబాయ్ మంచివాడు అని చెప్పనా?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబాయ్? ఆవిడ అడగలేదు, నేను అడగలేదు. మొహం తేటగా రావాలన్నాను, మొహం ఒక్కటే రావాలనలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నువ్వు తప్పించుకోలేవు. దాని తర్వాతి ఉత్తరంలో ఇస్త్రీ అక్క గురించి పేజీడు రాశాను. సందేహం ఉంటే కడిగే ముందు అడగమన్నాను. అడగలేదంటే నీకు సందేహం లేదని అర్థం.

నీ తాపీమేస్త్రీ గురించి ఇరవై రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆయన నవ్వుతూ కదిలాడని నువ్వే రాశావు. ఆ అలికేసినట్టున్న మొహంలో ఆయన నవ్వు ఉంది. ఆయన భార్య రోజూ చూసిన మనిషి అదే. దాన్ని ఉన్నది ఉన్నట్టు పెద్దది చేసి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. నువ్వు నవ్వు తీసేసి ఎవరిదో ముక్కు పెట్టావు. అప్పుడు లేనిదాన్ని గీశావు, ఇప్పుడు ఉన్నదాన్ని కోశావు. రెండుసార్లూ ఎదుటివాళ్ల మంచికే.

నీకు అర్థం కాక చేశావనుకుంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. చాదస్తం అనుకుని, రెండు రోజులు తిట్టుకుని, ఊరుకునేదాన్ని. కానీ నీకు అర్థమైంది. నాలుగో నంబర్ చూసి ఒక అడుగు వెనక్కి వేశావు. ఆ అడుగు కోసమే నేను ఆ రింగ్ తిప్పాను. ఇంట్లో ఇంతమందిలో ఆ ఫొటోని చూసినవాడివి నువ్వొక్కడివే. చూసి, తలుపు వెనక దాచి, మిగతా వాటికి కత్తెర పెట్టావు. నన్ను మిగతావాళ్లు తప్పుగా చదివారు. నువ్వు సరిగ్గా చదివి చింపేశావు.

కేంద్రంలో ఎంపిక చేసే మేడమ్‌ని కలిశాను. అవి నా ఫొటోలు కావని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి, "ఎవరివి మరి?" అంది. "తీసింది నేను, ఫొటోలు మా బాబాయ్‌వి" అన్నాను. ఆవిడ, "చోటు ఎలాగూ వచ్చింది కదమ్మా, ముందు చేరు. చేరాక నీ పద్ధతిలో తీసుకో, ఎవరొద్దన్నారు?" అంది. మంచి మాటే. బస్సులో ఇస్త్రీ అక్క కూడా అదే అంది, "వచ్చిన బండి ఎక్కెయ్యి పాపా" అని. నేను ఎక్కలేను. వాళ్లు నిశ్చలమైన చేతిని పిలిచారు. అది నీ చెయ్యి.

కాబట్టి నువ్వు ఇంట్లో చెప్పాల్సింది ఇది. చోటు వద్దని రాసి ఇచ్చాను. ఆ ఆరింటి కింద నా పేరు కొట్టేసి నీ పేరు రాయమన్నాను, రాశారు. నాన్న ఆ కాగితం జేబులోంచి తీసేయొచ్చు. అమ్మకి నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదని చెప్పు. స్టూడియోకి రాను. కార్డుల ఆఫీసులోనే ఉంటాను. లాండ్రీ యజమానురాలు వెనక కిటికీ లేని సామాన్ల గది ఇచ్చింది, నీళ్ల తొట్టెలు రెండు ఉన్నాయి. ఎర్రదీపం కొన్నాను. వచ్చే ఏడాది ఆరు ఫొటోలు అంచుల దాకా కడిగి అదే కేంద్రానికి పంపుతాను. తీసుకుంటే తీసుకుంటారు.

ఆరు నెగటివ్‌లూ రిజిస్టరు పోస్టులో వెనక్కి పంపు. తలుపు వెనక ఉన్నది నువ్వే ఉంచుకో.

ఇకమీదట నా ఫొటోలు నేనే కడుక్కుంటాను. నీకు పంపను.